రెండు చుట్లకు ఒక చుట్టు

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. మానేరు ఒడ్డున ఉన్న ఆ పట్టణంలో సాంచెల చప్పుడు ఎవరికీ క్రొత్త కాదు. దానిలోని లెక్కను గూర్చి ఆలోచించేవారు మాత్రం అరుదు. సాదా నేత సాంచెలో పై ఇరుసు రెండు చుట్లు తిరిగేసరికి క్రింది ఇరుసు ఒక్క చుట్టే తిరుగుతుంది. దాని మీది క్యాములు నాడెను ఒకసారి కుడి నుండి, ఒకసారి ఎడమ నుండి తరుముతవి. పడుగు విచ్చుకొనకమునుపే నాడె బయలుదేరినదా, పోగులు తెగవలసినదే.

ఇంగ్లండులో ఎడ్మండ్ కార్ట్‌రైట్ మరమగ్గానికి 1785లో పేటెంటు పొందినాడు. జర్మనీలో నికోలస్ ఆటో నాలుగు దశల ఇంజనును 1876లో నడిపినాడు. నేటి కారు ఇంజను ఆ జాతిదే. అందులోనూ క్రాంకు ఇరుసు రెండు చుట్లకు క్యాము ఇరుసుకు ఒక చుట్టే. కవాటాలను తెరచేది అదే. 1932లో నైజాం రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు సర్వీసులు ప్రారంభించిన నాటికి కవాటాల వేళ మారేది కాదు. గుర్తుకు గుర్తు కలిపితే పని ముగిసినట్లే.

అయితే మెల్లగా తిరిగే ఇంజనుకు నప్పిన వేళ వడిగా తిరిగేటప్పుడు నప్పదు. అందుచేత ఇటలీలో ఆల్ఫా రోమియో వారు 1980లో వేళ మారే ఇంజనుతో కారును విక్రయించినారు. మన దేశంలో 2011 నాటి స్విఫ్ట్ కారులో ఈ ఏర్పాటు వచ్చినది. క్యాము ఇరుసు కొసనున్న చక్రంలోనికి నూనె ఒత్తిడితో వచ్చి, ఇరుసును కొంత ముందుకో వెనుకకో జరుపుతుంది. ఇంజను ఆగితే లోపలి పిన్ను దానిని మొదటి చోట బిగించాలి.

జగిత్యాల, కోరుట్లల మిస్త్రీకి చిక్కు ఇక్కడనే. పిన్ను పడకుండానే గుర్తులు కలిపితే కంటికి అంతా సరిగానే ఉంటుంది. వేళ మాత్రం తప్పుతుంది. తప్పు పెద్దదైతే కొన్ని ఇంజనులలో పిస్టను కవాటాన్ని కొట్టి వంచుతుంది. కిరాయికి కారు నడుపుకొనేవానికి అది చిన్న ఖర్చు కాదు.

కనుక మొదట పిన్ను పడినదని నిశ్చయించుకోవాలి. మొదటి సిలిండరు పిస్టనును పై కొసకు తెచ్చి, గొలుసు వేయాలి. చక్రపు బోల్టును బిగించేటప్పుడు క్యాము ఇరుసునే పట్టుకోవాలి. ఆ బలం గొలుసు మీద పడరాదు. తరువాత స్టార్టరు జోలికి పోక, ఇంజను తిరిగే దిక్కుననే క్రాంకును చేతితో రెండు నిండు చుట్లు త్రిప్పి చూడాలి. గొలుసులోని రంగు లంకెలు అప్పుడు వేరొక చోట కనబడవచ్చును, దానికి బెదరనక్కరలేదు. చక్రాల గుర్తులు తిరిగి కలిసినవా లేదా అన్నదే చూడవలసినది.