కుర్చీ దిగి బోనెక్కినవారు

1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు వెళ్తున్న గిరిజనులపై లేవిడి దగ్గర భూస్వాముల పక్షంవారు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. వెట్టిని ఎదిరించి, పాలేర్ల జీతం పెంచమని అడిగి, షావుకార్ల వడ్డీని నిలదీసిన గిరిజన సంఘం ఆనాడు ఆ ఇద్దరి నెత్తురు చూసింది. 1968లో కోర్టు ఆ హత్యకేసు ముద్దాయిలను విడిచిపెట్టింది. సంఘంలో తిరిగిన గిరిజనులను మాత్రం పోలీసులు వందల సంఖ్యలో పట్టుకుపోయారు. చంపినవాడికి విడుదల, చచ్చినవాడి తోటివాడికి సంకెల. ఈ న్యాయాన్ని పక్కనపెట్టి శ్రీకాకుళ పోరాట సాహిత్యాన్ని చదివితే మనకు సగమే అర్థమవుతుంది.

ప్రభుత్వం న్యాయస్థానాన్ని ఇలా రాజకీయాయుధంగా వాడుతున్నప్పుడు, ఆ ప్రభుత్వంలో చోటున్న మనిషి ఏం చేయాలి? రాజీనామా చేయాలి అన్నది తేలికగా వచ్చే జవాబు. చేశాక ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న.

1919నాటి ఉదాహరణ చూద్దాం. అప్పటికి శ్రీకాకుళం గంజాం జిల్లాలో, విజయనగరం విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. రెండూ మద్రాసు రాజధానిలోవే. ఆ మద్రాసు హైకోర్టులో జడ్జీగా పనిచేసిన సర్ చేటూరు శంకరన్ నాయర్ 1915 నుంచి వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యుడు. జలియన్‌వాలాబాగ్ తర్వాత పంజాబులో సైనికశాసనం కింద ప్రత్యేక న్యాయసంఘాలు విచారణలు నడిపాయి. బయటి రాష్ట్రాల వకీళ్ళను రానివ్వలేదు. సత్యపాల్, కిచ్లూ వంటి నాయకులపై కుట్రకేసులు బనాయించి ద్వీపాంతరశిక్షలు వేశారు. రవీంద్రుడు మే 31న సర్ బిరుదును వదులుకుంటూ వైస్రాయికి లేఖ రాశాడు. జూలైలో శంకరన్ నాయర్ మండలినుంచి తప్పుకున్నాడు.

ఆయన విప్లవకారుడు కాడు. 1922లో గాంధీ సహాయనిరాకరణను ఖండిస్తూ పుస్తకం రాసినవాడు. అయితే పంజాబు అత్యాచారాలకు గవర్నరు ఓడ్వయర్‌దే బాధ్యత అని కూడా ఆ పుస్తకంలోనే రాశాడు. ఓడ్వయర్ లండన్‌లో పరువునష్టం దావా వేశాడు. 1924లో శంకరన్ నాయర్ ఓడిపోయాడు. పన్నెండుమంది జూరీలో ఆయన పక్షాన నిలిచినవాడు హెరాల్డ్ లాస్కీ ఒక్కడే. క్షమాపణ చెప్పడానికి ఒప్పుకోక, 500 పౌన్ల నష్టపరిహారమూ కోర్టు ఖర్చులూ కట్టాడు. పదవి వదిలిన రోజుకంటే, ఐదేళ్ళ తర్వాత తన మాటను వెనక్కి తీసుకోని రోజే ఆ రాజీనామాకు విలువ కట్టింది.

సరిగ్గా యాభైయేళ్ళకు, 1969 మార్చిలో, తరిమెల నాగిరెడ్డి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు రాజీనామా చేశారు. శాసనసభ్యత్వం మంత్రిపదవి కాదు, నిజమే. ఆయన కారణం కూడా కేసులు మాత్రమే కాదు. పేదవాడి సమస్య ఆ సభలో తీరదన్న నిర్ణయానికి వచ్చారు. కానీ శ్రీకాకుళం ఏజెన్సీలో పోలీసు శిబిరాలు వెలుస్తున్న కాలమది. 1952లో నీలం సంజీవరెడ్డిని ఓడించి మద్రాసు శాసనసభకు వెళ్ళిన మనిషి, చట్టసభల లోగుట్టు తెలిసినవాడు, బయటికి నడిచాడు. శ్రీకాకుళ నాయకత్వంతో ఆయనకు పోరాట పంథాపై భేదాలున్నాయి. ప్రభుత్వం ఆ భేదాలను లెక్కచేయలేదు. ఆ డిసెంబరులోనే మద్రాసులో అరెస్టు చేసి కుట్రకేసు పెట్టింది. 1972లో నాలుగేళ్ళ శిక్ష పడింది. కోర్టులో ఆయన ఇచ్చిన వాంగ్మూలం 'తాకట్టులో భారతదేశం' అనే గ్రంథమయింది. ముద్దాయి తన తప్పొప్పులకు సంజాయిషీ చెప్పుకోవలసిన చోట, విదేశీ పెట్టుబడిని బోనులో నిలబెట్టాడు. తెలుగు వచన చరిత్ర రాసేవారు ఈ వాంగ్మూలాన్ని వచనంగా కూడా పరిశీలించాలి.

ఇక్కడ మనం ఒక సంగతి మరిచిపోకూడదు. రాజీనామా కుర్చీ ఉన్నవాడికే సాధ్యం. పార్వతీపురం కుట్రకేసులో వందకు పైగా ముద్దాయిలున్నారు. కానూ సన్యాల్ వంటి నాయకుల పేర్లు మనకు తెలుసు. పోడు కొట్టుకునే జాతాపు, సవర గిరిజనుడికి రాజీనామా చేయడానికి ఏముంది? 1839 నాటి 24వ చట్టమే గంజాం, విశాఖ కొండప్రాంతాలను మామూలు కోర్టుల పరిధినుంచి తప్పించి కలెక్టరు చేతిలో పెట్టింది. ఆ కొండవాణ్ణి చట్టం ఏనాడూ తనవాడిగా చూడలేదు. 1870లో తెల్లదొరలు శిక్షాస్మృతిలో చేర్చిన 121-ఎ సెక్షను, 1913లో చేర్చిన 120-బి స్వతంత్ర భారతంలోనూ కుట్రకేసులకు పనికొచ్చాయి. 2024 జూలై 1న కొత్త న్యాయసంహిత అమలులోకి వచ్చాక సెక్షన్ల నంబర్లు మారాయి, కుట్ర నేరం అలాగే ఉంది.

కుర్చీకీ కొండకూ నడుమ ఉన్నవాడు బడిపంతులు. వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం ఆ వృత్తినుంచే గిరిజనుల మధ్యకు వెళ్ళారు. నెలజీతం తెచ్చే చిన్న కుర్చీని వారు ఏ సభలోనూ ప్రసంగం చేయకుండానే వదిలారు. 1970 జూలై 10న ఇద్దరూ 'ఎన్‌కౌంటరు'లో మరణించారని ప్రభుత్వం ప్రకటించింది. వారికి బోనెక్కి వాంగ్మూలమిచ్చే అవకాశం కూడా దక్కలేదు.

రచయితల వంతు 1974లో వచ్చింది. సికింద్రాబాదు కుట్రకేసులో కవులు ముద్దాయిలయ్యారు. బడిపంతులైన చెరబండరాజు 1982లో కన్నుమూసేనాటికి ఆ కేసు తేలలేదు, 1989లో కొట్టివేశారు. ఏడేళ్ళ ముందే పోయిన ముద్దాయికి ఆ తీర్పు ఎవరు వినిపిస్తారు?

కనుక బిరుదు తిప్పిపంపిన రచయితనైనా, పదవి వదిలిన నాయకుడినైనా మనం అడగవలసింది ఒకటే: ఆ లేఖ రాసిన మర్నాడు నువ్వు ఎవరి పక్కన నిలబడ్డావు? లేవిడి కేసులో సాక్ష్యం చెప్పడానికి కోరన్న, మంగన్న లేరు. వారి తరఫు వాంగ్మూలం రాసే పని కలం పట్టినవాడి మీద ఇంకా మిగిలే ఉంది.