కృత్రిమ జీవ క్రీడల్లో వస్తు వర్గీకరణ

కంప్యూటర్ ఆటల్లోని పెంపుడు జీవి తన ముందున్న వస్తువు ఏ కోవకు చెందిందో గుర్తించి, దాన్నిబట్టి నడుచుకునే పద్ధతే వస్తు వర్గీకరణ. 1996 నవంబరులో జపాన్‌లో బందాయ్ సంస్థ విడుదల చేసిన తమగోచికి ఇలాంటి అవసరమే రాలేదు. తిండి పెట్టాలన్నా, ఆడించాలన్నా యజమాని బొత్తం నొక్కాల్సిందే. జీవి తనంతట తాను దేన్నీ ఎంచుకోదు.

అదే ఏడాది ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నుంచి మిలీనియం ఇంటరాక్టివ్ తెచ్చిన ‘క్రియేచర్స్’తో పరిస్థితి మారింది. స్టీవ్ గ్రాండ్ రూపొందించిన ఈ ఆటలో నోర్న్ అనే జీవులుంటాయి. ఒక్కో నోర్న్‌కు సుమారు 1,000 న్యూరాన్లు, 5,000 అనుసంధానాలు గల మెదడు ఉంటుంది. అందులో ఒక భాగం పని ధ్యాస నిలపడం, మరో భాగం పని చేయాల్సిన చర్యను ఎంచుకోవడం. ముందు దేని సంగతి చూడాలో తేలుతుంది, ఆ తర్వాతే దాన్ని తోయాలా, తినాలా, దాని నుంచి పారిపోవాలా అన్నది తేలుతుంది.

ధ్యాసకు సంబంధించిన భాగంలో ఒక్కో వర్గానికి ఒక్కో న్యూరాన్ కేటాయించారు. 1999లో వచ్చిన ‘క్రియేచర్స్ 3’లో ఈ వర్గాలు 40. విత్తనం, పండు, ఆహారం, ఆటబొమ్మ, పురుగు, తలుపు, లిఫ్టు, యంత్రం వంటివే కాక, తోటి నోర్న్‌లకు, ఆటలోని గ్రెండెల్, ఎట్టిన్ అనే ఇతర జీవులకు కూడా వేర్వేరు వర్గాలున్నాయి. కుళ్లిపోయిన వాటికి సైతం ఒక వర్గం ఉంది. ఆటలో ప్రతి వస్తువుకూ జీవశాస్త్రంలో మాదిరిగా కుటుంబం, ప్రజాతి, జాతి అనే మూడు అంకెలుంటాయి. కుటుంబం 2, ప్రజాతి 8 అయితే అది పండు. ప్రజాతి 21 అయితే ఆటబొమ్మ. రంగు, ఆకారం ఈ లెక్కలోకి రావు.

నోర్న్ నేర్చుకునే తీరంతా ఈ ఏర్పాటు మీదే ఆధారపడింది. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో వ్యాపారి గుప్పెడు గూళ్లు చేతిలోకి తీసుకుని చూసి లాటు మొత్తానికి ధర పాడినట్టే, నోర్న్ కూడా ఒక పండు తిన్న అనుభవంతో పండ్లన్నిటికీ విలువ కడుతుంది. ఆకలి తీరితే పండ్లన్నీ మంచివి, జబ్బు చేస్తే అన్నీ చెడ్డవి. మాటల విషయంలోనూ ఇంతే. బంతిని చూపించి ఒక పేరు నేర్పితే, ఆ పేరు బొమ్మలన్నిటికీ అంటుకుంటుంది. ‘క్రియేచర్స్ 3’లో ఆకలి కూడా ఒకటి కాదు. ప్రోటీన్, పిండిపదార్థం, కొవ్వు అని మూడు రకాలు. తినే వస్తువులను విత్తనం, పండు, ఆహారం అని విడదీయడం వల్లనే ఏ ఆకలికి ఏది తినాలో నోర్న్ నేర్చుకోగలుగుతుంది.

ఆటలోకి కొత్త వస్తువులు తయారుచేసి చేర్చే అభిమానులకు వర్గం ఎంపిక కీలకం. విషపు వస్తువును పండ్లలో చేరిస్తే నోర్న్ మంచి పండ్లను కూడా ముట్టక పస్తులుండవచ్చు. అలాంటప్పుడు తప్పు జీవిది కాదు, వర్గం కేటాయించిన మనిషిది.

2001లో వచ్చిన లయన్‌హెడ్ స్టూడియోస్ ఆట ‘బ్లాక్ అండ్ వైట్’ మరో దారి పట్టింది. రిచర్డ్ ఎవాన్స్ రూపొందించిన విధానంలో, ఆటగాడు పెంచే జీవి తన వర్గాలను తానే కట్టుకుంటుంది. ఒక ఊరిపై దాడి చేసినప్పుడు యజమాని నిమిరాడా, కొట్టాడా అన్నది గుర్తుంచుకుంటుంది. ఆ ఊరు ఎవరి పక్షం, దాని రక్షణ ఎంత, అక్కడి తెగ ఏది అనే లక్షణాల్లో మెప్పునూ దెబ్బనూ స్పష్టంగా వేరుచేసే దాన్ని వెతికి, నిర్ణయ వృక్షం అల్లుకుంటుంది. నేర్చుకోవడం అనే మాటకు ఈ పద్ధతే ఎక్కువ న్యాయం చేస్తుంది. అయితే ఏ లక్షణాలను చూడాలో ఇక్కడ కూడా ముందే రాసిపెట్టారు.

గ్రాండ్ ఆ తర్వాత ఒరాంగుటాన్ రూపంలో లూసీ అనే రోబోను తయారుచేశాడు. ఇలా ముందే ఇచ్చిన అంకెల ఆసరా లేకుండా, అరటిపండునూ యాపిల్‌నూ కెమెరా కంటితో చూసి వేరుగా గుర్తించడం ఆ రోబోకు నేర్పడానికి అతడు ఏళ్ల తరబడి శ్రమించాడు.