సంస్థానముల మేడలకు గచ్చుపూత

రాజుల మేడ యనగానే మనకు పాలరాయి తోచును. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమల చరిత్రము వేఱుగా నున్నది. సోమనాద్రి కట్టించిన గద్వాల కోట మట్టికోటగా ప్రసిద్ధము. ఆ కాలపు పెద్దయిండ్ల గోడ మట్టిదైనను రాతిదైనను, దానికి మెఱుగునిచ్చినది సున్నము.

సున్నపురాతిని బట్టీలో కాల్చినచో నందలి బొగ్గుపులుసు వాయువు వెడలిపోవును. మిగిలినదానిపై నీరు చల్లగా నది క్రాగి విచ్చుకొనును. దానికి ఇసుక చేర్చి, ఎద్దులు త్రిప్పు గానుగలో నూఱుదురు. కరక్కాయ నీరును, బెల్లపు నీరును కలుపుటయు కలదు. మీదిపూతకు మిక్కిలి మెత్తని సున్నమును, కొన్నిచోట్ల కోడిగ్రుడ్డు తెల్లసొనయు వాడుదురు. తడి యాఱకమునుపే నున్నని రాతితో రుద్దగా రుద్దగా అద్దమువలె నిగనిగలాడును. పిమ్మట నది గాలినుండి తాను విడిచిన వాయువునే మరల గ్రహించి మెల్లమెల్లగా రాయి యగును. సున్నమునకు పునర్జన్మ కలదని నా శిష్యులతో చెప్పుచుండెడివాడను.

గోడపూతకు శాస్త్రము కూడ మనకు పూర్వమే కలదు. ఈ సీమ నేలిన కల్యాణి చాళుక్యులలో మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసమున, చిత్తరువులు వ్రాయుటకు గోడను సిద్ధపఱచు విధము చెప్పబడినది. దున్నపోతు తోలును వెన్నవలె మెత్తబడువఱకు నీట కాచి, కడ్డీలుగా చేసి యెండబెట్టి, వలసినపుడు కరగించి తెల్లమట్టితో కలిపి పూయవలెనట. తోలుమాట విని నిష్ఠాపరులు ముఖము చిట్లింపకుందురు గాక, వ్రాసినవాడు మహారాజు!

1824లో ఇంగ్లండునందు జోసెఫ్ ఆస్ప్‌డిన్ అను తాపీపనివాడు పోర్ట్‌లాండు సిమెంటునకు హక్కు పొందెను. అది త్వరగా గట్టిపడును, నీటిని చొరనీయదు. వంతెనకు అది గుణమే, మట్టిగోడకు మాత్రము దోషము. నేలలోని చెమ్మ గోడలోనికి ఎగబ్రాకుట సహజము. సున్నపుపూత యా చెమ్మను బయటికి విడుచును. సిమెంటు దానిని బంధించును; చెమ్మ యింకను పైకెక్కును, లోని మట్టి మెత్తబడును, ఉప్పు పొంగును. కడకు పూత పలకలు పలకలుగా, గోడ చర్మముతో కూడ ఊడిపడును.

సంస్థానములు పోయిన పిమ్మట మేడలు విద్యాలయములైనవి. వనపర్తి మేడలో 1959లో పాలిటెక్నిక్ వెలసినది; గద్వాల కోటలోను కళాశాల యేర్పడినది. ఇట్టి కట్టడములకే కాదు, మన గ్రామములలోని పాత దేవళములకు, మట్టిమిద్దెలకు కూడ నిదే చిక్కు. నేనెఱిగిన యొక పల్లెలో పెద్దలు చందాలు వేసికొని మఠపు గోడలకు సిమెంటు పూయించి, మీద నిగనిగలాడు టైల్సు అతికించిరి. మూడు వానకాలములు గడచునప్పటికి గోడ ఉబ్బినది.

కావున మేస్త్రీని పిలుచుటకు ముందు మూలనొకచోట గీకి, లోపలిది మట్టియో, సున్నమో, సిమెంటో చూడుడు. మట్టియు సున్నమునైనచో సున్నమే పూయింపుడు. పలుచగా, పొర వెంబడి పొరగా వేయవలెను. వైశాఖపుటెండలో నీ పని పెట్టుకొనరాదు; తడి గోనెపట్టాలు కప్పి, కొన్ని దినములు గోడ నాఱనీయక కాపాడవలెను.