ఫార్మ్‌డీ, సైకాలజీ: ఏది చదివితే ఏ పని చేయొచ్చు? చేరేముందు తెలుసుకోండి

సూర్యలంకలో సముద్రంపై వేటకు వెళ్లే ఒకాయనకు షుగర్ ఉందనుకుందాం. డాక్టర్ చీటీలో ‘టిఫిన్‌కు ముందు ఒకటి’ అని రాశారు. ఈయనేమో తెల్లవారకముందే పడవెక్కుతారు. టిఫిన్ ఎప్పుడు తింటారో, అసలు తింటారో లేదో తెలియదు. దాంతో వేట ఉన్న రోజుల్లో మాత్ర మానేస్తున్నారు. తర్వాతి పరీక్షలో షుగర్ ఎక్కువగా కనిపించింది, డోసు పెరిగింది. ఈసారి భయపడి, ఖాళీ కడుపుతోనే మాత్ర వేసుకుని సముద్రంలోకి వెళ్లారు. కొన్ని రకాల షుగర్ మాత్రలతో ఇలా చేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పవచ్చు.

ఇక్కడ మందులో లోపం లేదు. ‘మీరు ఎన్నింటికి తింటారు? మాత్ర వేసుకోవడం కుదరని రోజులు ఎన్ని?’ అని అడిగినవాళ్లు లేరు. ఆ ప్రశ్న ఎలా అడగాలో, జవాబు విన్నాక ఏం చేయాలో నేర్పే చదువే ఫార్మసీ ప్రాక్టీస్. మనిషి ప్రవర్తన గురించి సైకాలజీ చెప్పే విషయాలు ఇందులో అడుగడుగునా పనికొస్తాయి. ఇంటర్ తర్వాత ఈ రెండింటిలో ఏదో ఒకటి చదవాలనుకుంటున్నారా? అయితే వీటి హద్దులు ముందే తెలుసుకోవడం మంచిది.

ఫార్మసీ ప్రాక్టీస్ అంటే?

మందు తయారీ గురించి చెప్పేది ఫార్మాస్యూటిక్స్. ఆ మందు రోగి చేతికి చేరాక ఏం జరుగుతుందో చూసేది ఫార్మసీ ప్రాక్టీస్. రోగి ఏయే మందులు వాడుతున్నారో ఆరా తీయడం, ఒకదానికొకటి పడని మందులను గుర్తించడం, దుష్ప్రభావాలను నమోదు చేయడం, మందు వాడే పద్ధతి వివరించడం ఇందులోని పనులు. ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (పీసీఐ) తెచ్చిన 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ రోగికి కౌన్సెలింగ్ ఇవ్వడాన్ని ఫార్మసిస్టు బాధ్యతగా చెబుతున్నాయి.

ఏ కోర్సులో ఎంత?

డీఫార్మసీ: రెండేళ్లు చదువు, ఆపై 500 గంటల శిక్షణ. రెండో ఏడాదిలో కమ్యూనిటీ ఫార్మసీ ఉంటుంది.

బీఫార్మసీ: నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు. ఏడో సెమిస్టర్‌లో ఫార్మసీ ప్రాక్టీస్, ఎనిమిదో సెమిస్టర్‌లో సోషల్ అండ్ ప్రివెంటివ్ ఫార్మసీ చదువుతారు.

ఫార్మ్‌డీ: మన దేశంలో 2008లో మొదలైంది. ఐదేళ్లు చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. ఇంటర్న్‌షిప్‌లో ఆరు నెలలు జనరల్ మెడిసిన్‌లో, మిగతా ఆరు నెలలు మూడు వేరే విభాగాల్లో రెండేసి నెలల చొప్పున పనిచేయాలి. బీఫార్మసీ చేసినవాళ్లకు మూడేళ్ల ఫార్మ్‌డీ (పోస్ట్ బాకలారియేట్) ఉంది.

ఎంఫార్మసీ: రెండేళ్లు. ఫార్మసీ ప్రాక్టీస్‌నే స్పెషలైజేషన్‌గా తీసుకోవచ్చు.

బీఫార్మసీ, ఫార్మ్‌డీ కన్వీనర్ కోటా సీట్లకు ఏపీ ఈఏపీసెట్ రాయాలి. ఎంపీసీ, బైపీసీ విద్యార్థులిద్దరూ అర్హులే.

ఇందులో సైకాలజీ ఎక్కడుంది?

ఫార్మ్‌డీ సిలబస్‌లో సైకాలజీ పేరుతో విడిగా పేపర్ లేదు. కానీ రెండో ఏడాది కమ్యూనిటీ ఫార్మసీలో పేషెంట్ కౌన్సెలింగ్, మందులు క్రమం తప్పకుండా వాడటం గురించి చదువుతారు. నాలుగో ఏడాది ఫార్మకోథెరప్యూటిక్స్‌లో స్కిజోఫ్రీనియా, డిప్రెషన్, ఆందోళన, నిద్రలేమి వంటి సమస్యలకు వాడే మందులు వస్తాయి.

ఇవి ఎందుకంత ముఖ్యం? అభివృద్ధి చెందిన దేశాల్లో కూడా దీర్ఘకాలిక రోగుల్లో సగటున సగం మందే మందులు సరిగా వాడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో చెప్పింది. దీని వెనుక మతిమరుపు ఒక్కటే లేదు. ఖర్చు, భయం, ‘ఇప్పుడు బాగానే ఉన్నాను కదా’ అనే నమ్మకం, పని వేళలు... ఇలా ఎన్నో ఉంటాయి.

ఉచితంగా టీబీ ఎక్స్‌రే తీస్తామన్నా జనం ఎందుకు రావడం లేదనే ప్రశ్న 1950ల్లో అమెరికా ప్రజారోగ్య విభాగంలోని సైకాలజిస్టులకు ఎదురైంది. ఆ పరిశీలనల్లోంచి ‘హెల్త్ బిలీఫ్ మోడల్’ పుట్టింది. జబ్బు తనకూ రావచ్చని, వస్తే ప్రమాదమని నమ్మాలి. చికిత్స వల్ల మేలు ఉందని, దానికోసం పడే ఇబ్బంది అంతకన్నా తక్కువని అనిపించాలి. అప్పుడే మనిషి కదులుతాడని దాని సారాంశం.

మందుల కౌంటర్ దగ్గర దీన్నే చిన్న మాటల్లో వాడతారు. ‘అర్థమైందా?’ అని అడిగితే చాలామంది తల ఊపేస్తారు. ‘నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటాను, ఇంటికెళ్లాక ఎలా వేసుకుంటారో ఒకసారి చెప్పండి’ అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. మానసిక సమస్యలకు వాడే మందుల విషయంలో ఈ మాటలు ఇంకా అవసరం. డిప్రెషన్ మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ సంగతి ముందే చెప్పకపోతే రోగి ‘ఇవి పనిచేయడం లేదు’ అని పదో రోజే మానేసే ప్రమాదం ఉంది. లిథియం వాడేవాళ్లకు రక్తపరీక్షలు తప్పనిసరి అని కూడా ఎవరో ఒకరు గుర్తుచేయాలి.

సైకాలజీ డిగ్రీ చేస్తే?

బీఏ, బీఎస్సీ సైకాలజీతో పునాది పడుతుంది. తర్వాత ఎంఏ లేదా ఎంఎస్సీ చేయొచ్చు. ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతిలోని శ్రీవెంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో సైకాలజీ విభాగాలున్నాయి. అయితే పీజీ పూర్తికాగానే క్లినికల్ సైకాలజిస్టు అయిపోరు. పీజీ తర్వాత పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణతో కూడిన రెండేళ్ల ఎంఫిల్‌ను ఒక అర్హతగా 2017 నాటి మెంటల్ హెల్త్‌కేర్ చట్టం పేర్కొంది. ఆ కోర్సుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) గుర్తింపు కూడా కావాలి. ఈ కోర్సుల స్వరూపం ఇప్పుడు మారుతోంది కాబట్టి చేరే ఏడాది నిబంధనలే చూసుకోండి.

మరో ముఖ్య విషయం. 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్య, ఆన్‌లైన్ విధానాల్లో అందించవద్దని యూజీసీ ఆదేశించింది. ఇంట్లో కూర్చుని సైకాలజీ పీజీ చేయొచ్చంటూ ఎవరైనా ప్రకటన చూపిస్తే, ఫీజు కట్టేముందు యూజీసీ వెబ్‌సైట్‌లో చూసుకోండి.

హద్దులు ఇవీ

ఫార్మసిస్టు జబ్బును నిర్ధారించకూడదు, సొంతంగా మందు రాయకూడదు, డోసు మార్చకూడదు. ఫార్మ్‌డీ చదివినా అంతే. మొదట చెప్పుకున్న ఉదాహరణలో ఫార్మసిస్టు చేయాల్సిందల్లా ఆయన తిండి వేళలను డాక్టర్ దృష్టికి తీసుకెళ్లడం. సైకాలజిస్టు మాటలతో, ప్రవర్తనా పద్ధతులతో చికిత్స చేస్తారు, మందులు రాయరు. మానసిక సమస్యకు మందు రాసేది సైకియాట్రిస్టు. కౌంటర్ దగ్గర ఎవరైనా చనిపోవాలనిపిస్తోందని చెబితే వాళ్లను ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. సలహా కోసం టెలీ మానస్ నంబరు 14416కు 24 గంటల్లో ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

చేరేముందు ఇవి అడగండి

- మీరు ఎంచుకున్న కోర్సుకు ఈ ఏడాది పీసీఐ అనుమతి ఉందా? ఒకే కాలేజీలో బీఫార్మసీకి ఉండి ఫార్మ్‌డీకి లేకపోవచ్చు.
- ఫార్మ్‌డీకి కనీసం 300 పడకల ఆసుపత్రితో అనుబంధం ఉండాలి. అది ఏ ఆసుపత్రి? కాలేజీకి ఎంత దూరం? బాపట్ల, తెనాలి, రేపల్లె వైపు నుంచి రోజూ వెళ్లి రావాలంటే రైలు వేళలు వార్డు డ్యూటీకి సరిపోతాయా?
- వార్డు రౌండ్లకు విద్యార్థులను నిజంగా తీసుకెళ్తున్నారా? సీనియర్లను అడగండి.
- సైకాలజీ అయితే ప్రాక్టికల్స్, ఫీల్డ్‌వర్క్ ఎక్కడ చేయిస్తారు?
- ఆరేళ్ల ఫీజు, హాస్టల్, ప్రయాణం అన్నీ కలిపితే ఎంత?

మందు అణువులు, రసాయనాల మీద ఆసక్తి ఉంటే బీఫార్మసీ చాలు. రోగి పక్కన నిలబడి మందుల గురించి మాట్లాడాలనుంటే ఫార్మ్‌డీ వైపు చూడండి. మనసులోని కష్టాన్ని గంటల తరబడి వినే ఓపిక ఉంటే సైకాలజీ మీకు నప్పుతుంది. ఏది చదివినా రోగి చెప్పేది పూర్తిగా వినడంతోనే పని మొదలవుతుంది.