డిమెన్షియా సంరక్షణ గృహాలు: సంగారెడ్డి–పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతం

జ్ఞాపకశక్తి, ఆలోచన, మాట, దిక్కు గుర్తించే శక్తి క్రమంగా సన్నగిల్లి, ఇతరుల సాయం లేనిదే రోజు గడవని స్థితికి మనిషిని చేర్చే మెదడు రుగ్మతలన్నిటినీ కలిపి వైద్యులు డిమెన్షియా అంటారు. తెలుగు వైద్య రచనల్లో దీనిని చిత్తవైకల్యమని రాస్తే, ఇళ్లలో మతిమరుపు అనో, వయసు చాదస్తం అనో సరిపెట్టుకుంటారు. వీటిలో ఎక్కువ మందికి వచ్చేది అల్జీమర్స్ వ్యాధి కాగా, మెదడు రక్తనాళాలు పూడుకుపోవడం వల్ల వచ్చే రకం, ముందుగా నడవడికనో మాటనో దెబ్బతీసే ఫ్రంటోటెంపోరల్ రకం, లేనివి కనిపించేలా చేసే లెవీ బాడీ రకం ఆ తర్వాత చెప్పుకోదగ్గవి. ఇటువంటివారిని రాత్రింబవళ్లు ఉంచుకొని, తిండి, స్నానం, మందులు, భద్రతతోపాటు వారి మనసుకు నెమ్మది కలిగించే దినచర్యను కూడా సమకూర్చే నివాసమే డిమెన్షియా సంరక్షణ గృహం. తన పనులు తాను చేసుకోగల వృద్ధులకు నీడనిచ్చే వృద్ధాశ్రమానికీ, జబ్బు నయం చేసి ఇంటికి పంపే ఆసుపత్రికీ ఇది భిన్నమైనది.

వ్యాధి చరిత్ర పాతదే అయినా దానిని వ్యాధిగా గుర్తించిన చరిత్ర పాతది కాదు. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక చికిత్సాలయంలో చేరిన 51 ఏళ్ల మహిళను పరిశీలించిన జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్, ఆమె మరణానంతరం మెదడులో కనుగొన్న మార్పులను 1906లో ట్యూబింగెన్ సభలో వివరించగా, 1910లో ఎమిల్ క్రేపెలిన్ తన పాఠ్యగ్రంథంలో ఆ వ్యాధికి అల్జీమర్ పేరు పెట్టాడు. ఆ తర్వాత చాలాకాలం అది నడివయసువారికి వచ్చే అరుదైన జబ్బుగానే ఉండిపోయింది. ముసలివారి మతిభ్రంశం వయసు ధర్మమన్న నమ్మకాన్ని 1976లో అమెరికా వైద్యుడు రాబర్ట్ కాట్జ్‌మన్ ప్రశ్నించి, అదీ ఆ నడివయసు జబ్బూ ఒకటేనని వాదించిన తర్వాతే వృద్ధాప్యపు డిమెన్షియా ప్రజారోగ్య సమస్యగా నిలబడింది. మన దేశంలో దీనికి సంస్థాగత రూపం 1992లో వచ్చింది. ఆ ఏడాది కేరళలోని కున్నంకుళంలో డాక్టర్ జాకబ్ రాయ్ చొరవతో భారతీయ అల్జీమర్స్ సంఘం ఏర్పడి, అనంతరం పలు నగరాలకు విస్తరించింది. హైదరాబాద్‌లో దాని డెక్కన్ శాఖ పనిచేస్తోంది. సంఘం 2010లో వెలువరించిన నివేదిక దేశంలో 37 లక్షల మంది డిమెన్షియాతో ఉన్నారని అంచనా వేయగా, 2023లో ప్రచురితమైన జాతీయ అధ్యయనం 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మంది ఈ స్థితిలో ఉన్నారనీ, పురుషుల కంటే స్త్రీలలో, పట్టణాల కంటే పల్లెల్లో ఇది ఎక్కువనీ తేల్చింది.

ప్రాంతం, అక్కడి వృద్ధాప్యం

సంగారెడ్డి 2016 అక్టోబరు 11న పాత మెదక్ జిల్లా నుంచి విడిపోయి ప్రత్యేక జిల్లా అయింది. హైదరాబాద్ నుంచి ముంబై వైపు సాగే జాతీయ రహదారి పొడవునా రామచంద్రాపురం, పటాన్‌చెరు, పాశమైలారం, లోపలికి బొల్లారం ఒకదానికొకటి అతుక్కున్న ఈ పట్టీ అర్ధ శతాబ్దంలో దేశంలోని ప్రధాన పారిశ్రామిక ప్రాంతాల్లో ఒకటిగా ఎదిగింది. 1960లలో రామచంద్రాపురంలో భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ (బీహెచ్‌ఈఎల్) కర్మాగారం, 1972లో పటాన్‌చెరు వద్ద ఇక్రిశాట్ పరిశోధన సంస్థ, 1984లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం వచ్చాయి. వాటి చుట్టూ మందుల, రసాయనాల, ఉక్కు, యంత్రభాగాల ఫ్యాక్టరీలు వందలుగా వెలిశాయి.

ఈ తేదీలను వయసులోకి మార్చి చూస్తే సమస్య స్వరూపం బోధపడుతుంది. 1965లో ఇరవై ఏళ్ల వయసులో బీహెచ్‌ఈఎల్‌లో అప్రెంటిస్‌గా చేరిన వ్యక్తి ఇప్పుడు ఎనభై దాటి ఉంటాడు. 1984లో ఆయుధ కర్మాగారంలో చేరిన యువకుడు అరవై దాటాడు. ఆంధ్ర జిల్లాల నుంచి, కర్ణాటక, మహారాష్ట్ర సరిహద్దుల నుంచి, ఉత్తరాది నుంచి ఒక్క తరంలో వచ్చి స్థిరపడిన జనాభా ఒక్కసారిగా ముసలిదవుతోంది. వారికోసం క్వార్టర్లు కట్టారు, బడులు పెట్టారు, ఆసుపత్రులు నెలకొల్పారు, ఆటస్థలాలు, కల్యాణ మండపాలు ఏర్పరిచారు. పనిచేసే వయసుకు కావలసినవన్నీ ముందుచూపుతో అమర్చిన ఈ ప్రణాళికలో, పని మానేసిన తర్వాత మతి తప్పే వయసుకు చోటు లేకపోయింది. ఈ ప్రాంతపు డిమెన్షియా సంరక్షణ చరిత్రలో కేంద్ర విషయం ఈ లోటే. పదవీ విరమణతో క్వార్టర్ ఖాళీ చేసిన కుటుంబాలు బీరంగూడ, అమీన్‌పూర్, లింగంపల్లి వైపు సొంత ఇళ్లకు మారాయి. పిల్లలు బెంగళూరుకో అమెరికాకో వెళ్లిన చోట డెబ్బై అయిదేళ్ల భార్య ఎనభై ఏళ్ల భర్తను ఒంటరిగా కనిపెట్టుకొని ఉండడం ఈ కాలనీల్లో సాధారణమైపోయింది.

దీనికి పర్యావరణ కోణం కూడా ఉంది. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యంపై స్థానికులు 1990లోనే సుప్రీంకోర్టుకు వెళ్లారు. నక్కవాగు వెంట ఊళ్ల నీరు, నేల పాడైన సంగతి న్యాయస్థానాల రికార్డుల్లో ఉంది. డిమెన్షియా నివారణపై లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ 2020లో గాలి కాలుష్యాన్ని ముప్పు కారకాల జాబితాలో చేర్చి, 2024 నివేదికలో మొత్తం 14 కారకాలను పేర్కొంటూ, వాటిని అదుపు చేస్తే దాదాపు 45 శాతం కేసులను ఆపడమో వాయిదా వేయడమో సాధ్యమని అంచనా వేసింది. చదువు లేకపోవడం, వినికిడి లోపం, రక్తపోటు, మధుమేహం, తలకు దెబ్బ తగలడం కూడా ఆ జాబితాలో ఉన్నందున, యంత్రాల హోరులో ముప్పై ఏళ్లు పనిచేసిన కార్మికుడికి వినికిడి పరీక్ష, చెవి యంత్రం ఇప్పించడం ఈ ప్రాంతంలో డిమెన్షియా నివారణ చర్యగానే లెక్కకు రావాలి.

సంరక్షణ ఏర్పాట్ల పరిణామం

తొలిదశలో సంరక్షణ అంటే కోడలు, కూతురు, భార్య. ఇంటివల్ల కానప్పుడు మిగిలిన దారి హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం. అక్కడ వ్యాధి నిర్ధారణ, మందులు దొరికినా, ఏళ్ల తరబడి సాగే ఈ స్థితికి ఆసుపత్రి వార్డు తగిన నివాసం కాదు. హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి జ్ఞాపకశక్తి క్లినిక్ రావడంతో పరిస్థితి మారింది. అక్కడి న్యూరాలజిస్టు సువర్ణ అల్లాడి బృందం 2006 నుంచి 2012 వరకు చూసిన 648 మంది రోగుల వివరాలతో 2013లో న్యూరాలజీ పత్రికలో వెలువరించిన అధ్యయనం ప్రపంచ దృష్టిని ఆకర్షించింది: రెండు భాషలు మాట్లాడేవారికి డిమెన్షియా లక్షణాలు ఒకే భాష తెలిసినవారి కంటే సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువురానివారిలోనూ ఈ తేడా కనిపించినందున, ఇది చదువు వల్ల కలిగిన లాభమనే వాదన నిలవలేదు. ఆ 648 మందిలో 240 మందికి అల్జీమర్స్, 189 మందికి రక్తనాళాల రకం, 116 మందికి ఫ్రంటోటెంపోరల్ రకం ఉండగా, తక్కినవారివి లెవీ బాడీ, మిశ్రమ రకాలు.

తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ, హిందీ ఒకే వీధిలో వినిపించే పటాన్‌చెరుకు ఈ ఫలితం ఆచరణలోనూ పనికొస్తుంది. జబ్బు ముదిరే కొద్దీ తర్వాత నేర్చిన భాషలు ముందు జారిపోయి, చిన్ననాటి భాషే మిగలడం తరచుగా జరుగుతుంది. నలభై ఏళ్లు ఫ్యాక్టరీలో హిందీ, ఇంగ్లిష్ మాట్లాడిన బీదర్ మనిషి చివరకు కన్నడంలోనే దాహం అడగవచ్చు. సంరక్షకులకు ఆ మాట అర్థం కానప్పుడు ఆయన అరుపును మొండితనంగా రాసుకొని మత్తు మందు ఇచ్చే ప్రమాదం ఉంది. యాంటీసైకోటిక్ రకం మానసిక వ్యాధుల మందులు డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణ ముప్పును పెంచుతాయని అమెరికా ఔషధ సంస్థ 2005లోనే హెచ్చరించింది కనుక, ఏ భాష తెలిసిన మనిషి రాత్రి డ్యూటీలో ఉన్నారన్నది చిన్న విషయం కాదు.

హైదరాబాద్ పశ్చిమ శివార్లలో గత పదిహేనేళ్లుగా ప్రైవేటు సంరక్షణ గృహాలు పెరిగాయి. అంతకుముందున్న వృద్ధాశ్రమాల్లో చాలావరకు తమ పనులు తాము చేసుకోగలవారినే చేర్చుకునేవి. చేరిన తర్వాత మతి తప్పితే కుటుంబాన్ని పిలిచి అప్పగించేవి. కొత్త గృహాలు ఈ ఖాళీని కొంత పూడ్చినా, నెలకు పదుల వేల రూపాయల ఖర్చు వాటిని పింఛను బాగా వచ్చే కుటుంబాలకూ, విదేశాల నుంచి డబ్బు పంపే పిల్లలకూ పరిమితం చేసింది.

ఇక్కడే ఈ ప్రాంతం రెండుగా చీలిపోతుంది. ప్రభుత్వరంగ సంస్థల విశ్రాంత ఉద్యోగులకు వైద్య పథకాలైనా ఉన్నాయి. పాశమైలారంలోనో బొల్లారంలోనో ప్రైవేటు ఫ్యాక్టరీలో పనిచేసి దిగిపోయిన కార్మికుడికి ఉద్యోగుల పింఛను పథకం కింద 2014లో నిర్ణయించిన కనీస పింఛను నెలకు 1000 రూపాయలు. రాష్ట్ర ప్రభుత్వ ఆసరా పింఛను 2019లో 2016 రూపాయలకు పెరిగింది. కనీసం అయిదేళ్లు బీమాలో ఉండి విరమించిన కార్మికుడు ఏటా 120 రూపాయలు కట్టి భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్ఐ) వైద్యం పొందవచ్చు, రామచంద్రాపురంలో ఈఎస్ఐ ఆసుపత్రి కూడా ఉంది. అయితే ఆ హక్కు చికిత్సకే గాని నివాస సంరక్షణకు కాదు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా బీమా తెగిపోయిన కూలీలకు అదీ దక్కదు. ఏళ్ల తరబడి రసాయనాల మధ్య పనిచేసిన మనిషికి చివరి రోజుల్లో తలుపు గడియ పెట్టిన గది తప్ప మరో ఏర్పాటు లేకపోవడం ఈ సంపన్న పారిశ్రామిక పట్టీకి తగని స్థితి.

గృహంలో సంరక్షణ

బ్రిటన్ మనస్తత్వవేత్త టామ్ కిట్‌వుడ్ 1990లలో ప్రతిపాదించిన వ్యక్తికేంద్ర సంరక్షణ, అంటే జబ్బును కాక మనిషి జీవిత చరిత్రను ఆధారం చేసుకొని దినచర్యను అల్లడం, నేడు ఈ రంగంలో అంగీకృత పద్ధతి. నెదర్లాండ్స్‌లోని వేస్ప్ పట్టణంలో 2009లో ప్రారంభమైన హోగెవేక్ వాడ దీనికి ప్రసిద్ధ ఉదాహరణ; అక్కడ నివాసులు చిన్న చిన్న ఇళ్లలో ఉంటూ దుకాణానికి, తోటకు స్వేచ్ఛగా తిరుగుతారు. పటాన్‌చెరు మనిషి జీవిత చరిత్రలో షిఫ్టు వేళలు, ఊరి తిండి, పండుగలు ఉంటాయి.

సాయంత్రం అయిదింటికి పరిస్థితి క్లిష్టమవుతుంది. వెలుతురు తగ్గే వేళ కలవరం పెరగడం డిమెన్షియాలో తరచుగా కనిపించే లక్షణం. ఏళ్ల తరబడి సెకండ్ షిఫ్టుకో నైట్ షిఫ్టుకో సిద్ధమైన మనిషి ఆ వేళకు చొక్కా వేసుకొని టిఫిన్ డబ్బా వెతుక్కుంటాడు, గేటు దగ్గరకు వెళ్లి తాళం గుంజుతాడు. "ఇంటికి పోతా" అని పదేపదే అంటాడు. ఇప్పుడు డ్యూటీ లేదని వాదించడం కంటే, డబ్బా చేతికిచ్చి ఆవరణలో రెండు చుట్లు వెంట నడిచి, ఫ్యాక్టరీలో పనెలా సాగేదో అడిగి, చాయ్ తాగించి లోపలికి తీసుకురావడం మేలని అనుభవమున్న ఆయాలకు తెలుసు. గదులు చీకటి పడకముందే దీపాలతో వెలగడం, మరుగుదొడ్డి తలుపుకు విడిగా తెలిసే రంగు వేయడం, నేల నున్నగా మెరవకుండా చూడడం వంటివి ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న ఏర్పాట్లు. మెరిసే నేల కొందరికి నీటి మడుగులా కనిపించి అడుగు పడదు.

తిండి విషయంలో స్థానిక వంటకాలే దారి చూపుతాయి. మింగడం కష్టమయ్యే దశలో జొన్న రొట్టె గొంతుకు అడ్డం పడుతుంది. జొన్న గటక, రాగి జావ మెత్తగా దిగుతాయి, నోటికి తెలిసిన రుచి కూడా అదే. పేర్లు, ముఖాలు మరిచిపోయిన స్త్రీలు బతుకమ్మ పాట అందుకోగానే చప్పట్ల తాళం తప్పకుండా చుట్టూ తిరగడంలో వింత లేదు: దేహానికి అలవాటైన కదలికలు, పాటలు మాటల జ్ఞాపకం కంటే ఎక్కువకాలం నిలుస్తాయి. ఈ పనులన్నీ చేసేది ఎక్కువగా చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే ఆయాలు, అటెండర్లు. ఈ గృహాల నాణ్యత వారి శిక్షణ, జీతం, ఒక్కొక్కరికి అప్పగించే రోగుల సంఖ్య మీదే ఆధారపడుతుంది.

చట్టం, పర్యవేక్షణ

2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు ఆశ్రమాలు క్రమంగా ఏర్పాటు చేయాలని రాష్ట్రాలకు సూచించింది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ 1992 నుంచి నడుపుతున్న వయోవృద్ధుల పథకంలో 20 మంది డిమెన్షియా రోగులున్న సంరక్షణ గృహానికీ గ్రాంటు పొందే వీలు కల్పించింది. ఈ ప్రాంతపు స్వచ్ఛంద సంస్థలకు ఇది అందుబాటులో ఉన్న, అందుకోదగిన పరిమాణం. 2018లో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం జ్ఞాపకశక్తి, దిక్కు తెలిసే శక్తి తీవ్రంగా దెబ్బతినే రుగ్మతలను కూడా తన నిర్వచనంలో చేర్చినందున, అటువంటివారిని చేర్చుకొని ఉంచే గృహాలు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ వద్ద నమోదు కావలసి ఉంటుంది. గొలుసులతో కట్టడాన్ని ఆ చట్టం నిషేధించింది.

అదే చట్టం మనిషి తెలివితో ఉన్నప్పుడే తనకు ఎటువంటి చికిత్స కావాలో ముందుగా రాసిపెట్టుకోవడానికీ, తన తరఫున చికిత్స విషయాల్లో నిర్ణయించే ప్రతినిధిని పేర్కొనడానికీ హక్కు ఇచ్చింది. బాహ్య వలయ రహదారి వచ్చాక భూమి ధర ఎన్నో రెట్లు పెరిగిన పటాన్‌చెరు, అమీన్‌పూర్ చుట్టుపక్కల, మతి తప్పిన యజమాని వేలిముద్ర కోసం బంధువులు పోటీ పడే ప్రమాదం ఉన్నా, ఈ హక్కు ఆస్తి లావాదేవీలకు వర్తించదు. ఇల్లు, పొలం పిల్లల పేర రాసి నిరాదరణకు గురైన వృద్ధులు, పోషణ షరతుతో చేసిన ఆ బదిలీని రద్దు చేయమని 2007 చట్టం 23వ సెక్షన్ కింద కోరవచ్చు. పింఛనుదారు బతికే ఉన్నట్టు ఏటా సమర్పించవలసిన ధ్రువపత్రం 2014 నుంచి జీవన్ ప్రమాణ్ ద్వారా వేలిముద్రతో డిజిటల్‌గా ఇవ్వవచ్చు. ఆ గడువును గుర్తుపెట్టుకొని ప్రతి నివాసికీ పూర్తి చేయించడం సంరక్షణ గృహం బాధ్యతల్లో భాగమైంది. సంగారెడ్డిలో 2022లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల, అదే ఏడాది దేశవ్యాప్తంగా వచ్చిన టెలిమానస్ మానసిక ఆరోగ్య సేవ 14416, వృద్ధుల సహాయ సంఖ్య 14567 కలిసి, సలహా కోసం ప్రతిసారీ హైదరాబాద్ వెళ్లవలసిన అవసరాన్ని కొంత తగ్గిస్తున్నాయి.