ఆన్ అవ్వని ట్యాబ్ - ఓ చిన్న చరిత్ర

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ప్రతివాడికీ ఊళ్ళో ఇంకో ఉద్యోగం ఉంటుంది. దానికి జీతం ఉండదు, సెలవులుండవు. టీవీలో బొమ్మ రాకపోయినా, ఫోన్లో వాట్సాప్ తెరుచుకోకపోయినా మనమే చూడాలి. "నేను జావా రాస్తాను, ఇవన్నీ నాకు తెలీవు" అన్నామనుకోండి, "మరి ఇన్నేళ్ళు ఏం చదివావురా" అంటారు.

ఈ ఏడాది (2026) సంక్రాంతికి పర్చూరు దగ్గర మా ఊరెళ్ళినప్పుడు కూడా అదే జరిగింది. భోగి రోజు పొద్దున్నే అన్నయ్య కూతురు ఓ ట్యాబ్ పట్టుకొచ్చింది. "బాబాయ్, ఎనిమిదో తరగతిలో బళ్ళో ఇచ్చారు కదా, అది ఆన్ అవ్వట్లేదు. తమ్ముడికి లెక్కల పాఠాలు చూపిద్దామని తీశాను. రాత్రంతా చార్జింగ్ పెట్టినా ఉలుకూ పలుకూ లేదు" అంది. 2025లో పదో తరగతి పరీక్షలయ్యాక బీరువాలో పట్టుచీరల కింద పెట్టారట. మళ్ళీ తియ్యటం ఇదే.

అన్నయ్య ఓసారి చూసి "పోయిందిలేరా. మిరపకాయలు అమ్మినాక కొత్తది కొందాం" అన్నాడు. అని ఊరుకున్నాడు. ఆ ఊరుకోవటం ఎందుకో మా ప్రాంతం వాళ్ళకి చెప్పక్కర్లేదు. 2025 మొదట్లో మిర్చి ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకి 11,781 రూపాయలు ఖరారు చెయ్యాల్సి వచ్చింది. ఈ ట్యాబ్ ఇచ్చినప్పుడు బయట మార్కెట్లో దీని ధర పదహారున్నర వేల పైమాటే అన్నారు. ఆ లెక్కన దాదాపు క్వింటాలున్నర మిరపకాయలు బీరువాలో చచ్చిపడి ఉన్నాయన్నమాట. అంత తేలిగ్గా పారేస్తామా?

మనకి తెలిసిన పద్ధతి ఒకటే కదా, ఒకసారి ఒకటే మార్చి చూడటం. ముందు ప్లగ్గు. అదే ప్లగ్గులో అదే చార్జర్, అదే వైరు పెట్టి నా ఫోన్ పెడితే చార్జింగ్ ఎక్కింది. అంటే కరెంటూ చార్జరూ వైరూ మూడూ బాగానే ఉన్నాయి, తేడా ట్యాబ్ లోనే. వైరు పెట్టి చూస్తే చివరిదాకా దిగట్లేదు, వదులుగా ఊగుతోంది. ఫోన్ టార్చి వేసి ఆ కన్నం లోకి చూశాను. పత్తి!

పత్తి తీసే రోజుల్లో మా ఇళ్ళెలా ఉంటాయో తెలుసుగా. వసారాలో గుట్ట, మంచాల కింద, గడప సందుల్లో, తలలో కూడా పత్తే. అన్నం తింటే నోట్లో దారం వస్తుంది. ఆ నూగంతా వైరు పెట్టినప్పుడల్లా లోపలికి కుక్కుకుపోయి గట్టిగా అట్ట కట్టింది. చీపురు పుల్ల కొస పల్చగా చెక్కి మెల్లగా లాగితే ముద్దలా బయటికొచ్చింది. (సూది, పిన్నీసు మాత్రం పెట్టకండి. మధ్యలో సన్నటి నాలుకలాంటిది ఉంటుంది, దాని మీద 24 పిన్నులు. ఇనుము తగిలితే ఉన్నది కూడా పోతుంది.) రాత్రంతా పెట్టినా చార్జింగ్ ఎందుకెక్కలేదో అర్థమయింది. వైరు అసలు తగల్లేదు!

ఇప్పుడు వైరు టక్కున దిగింది. కాని తెర మాత్రం నల్లగానే ఉంది. పిల్ల మొహం మళ్ళీ చిన్నబోయింది. "రెండు గంటలు దాన్ని ముట్టుకోకండి" అని చెప్పి వసారాలో కూర్చున్నాం. ఆ రెండు గంటల్లో చెప్పుకున్నదే ఈ చరిత్ర.

లిథియం బ్యాటరీ ఒక్కరోజులో పుట్టలేదు. 1970ల్లో అమెరికాలో ఎక్సాన్ అనే చమురు కంపెనీలో స్టాన్లీ విటింగ్‌హామ్ మొదలుపెట్టాడు. 1980లో ఆక్స్‌ఫర్డ్ లో జాన్ గుడెనఫ్ బృందం కోబాల్ట్ ఆక్సైడ్ వాడి వోల్టేజి పెంచింది. 1985లో జపాన్ లో అకీరా యోషినో దాన్ని భద్రంగా వాడే రూపానికి తెచ్చాడు. 1991లో సోనీ అమ్మకానికి పెట్టింది. ఈ ముగ్గురికీ కలిపి 2019లో రసాయనశాస్త్రం నోబెల్ ఇచ్చారు. అప్పటికి గుడెనఫ్ గారికి 97 ఏళ్ళు!

ఈ బ్యాటరీకి ఒక బలహీనత ఉంది. తెర మీద సున్నా శాతం చూపించి ఆగిపోయినా లోపల నిజంగా సున్నా కాదు, ఇంకా 3 వోల్టుల పైనే ఉంటుంది. కాని ఆ స్థితిలో నెలల తరబడి వదిలేస్తే కొంచెం కొంచెంగా కారిపోయి ఇంకా కిందికి దిగుతుంది. అప్పుడు చార్జర్ పెట్టినా పూర్తి కరెంటు ఒక్కసారిగా లోపలికి పోనివ్వకుండా, ముందు సన్నటి ధారగా ఎక్కిస్తారు. ఉపవాసం ఉన్నవాడికి ముందు గంజి పోసినట్టు. ఆ కాసేపూ తెర మీద బొమ్మ వెయ్యటానికి కూడా శక్తి ఉండదు. చాలామంది అయిదు నిమిషాలు చూసి "పోయింది" అని తేల్చేసేది ఇక్కడే. మరీ అడుగుకి దిగిపోతే మాత్రం లోపలి రాగి రేకు కరగటం మొదలవుతుంది, ఇక దాన్ని లేపకూడదు. వెనక డొక్క ఉబ్బినట్టు కనిపించినా అంతే, చార్జింగ్ పెట్టొద్దు.

ఇదంతా నేను గొప్పగా చెబుతుంటే అన్నయ్య "ఓస్ ఇంతేనా, మన బ్యాటరీ పంపు సంగతేగా" అన్నాడు. నాకు మతి పోయింది. మందు కొట్టే పంపులో ఉండేది సీసం బ్యాటరీ, 1859లో ఫ్రాన్స్ లో గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన రకం. సీజన్ అయిపోయాక ఖాళీగా మూలన పడేస్తే మళ్ళీ ఏడాదికి పనికిరాదు. అందుకని అన్నయ్య నెలకోసారి దానికి చార్జింగ్ పెడతాడు. రెండిటి రసాయనం వేరు, లిథియం సగం నిండి ఉంటే చాలు, సీసానికి పూర్తిగా నిండి ఉండాలి. కాని ఖాళీగా దాచకూడదన్న సూత్రం ఒకటే. పంపు విషయంలో తెలిసిన సంగతి ట్యాబ్ కి వర్తిస్తుందని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు, ఎవరూ చెప్పలేదు కూడా.

ఇక ఈ ట్యాబ్ చరిత్రకొద్దాం. 2022 డిసెంబర్ 21న మా పక్కనే యడ్లపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి జగన్ పంపిణీ మొదలుపెట్టారు. ఆ విడతలో 5,18,740 ట్యాబ్ లు. అందులో 4,59,564 ఎనిమిదో తరగతి పిల్లలకి, 59,176 టీచర్లకి. ఖర్చు 686 కోట్లు. మరుసటి ఏడాది అదే తేదీన చింతపల్లిలో మొదలుపెట్టి ఇంకో 4,34,185 ఇచ్చారు. అన్నీ కలిపితే తొమ్మిదిన్నర లక్షల పైన. నెట్ లేకపోయినా చూసేలా బైజూస్ పాఠాలు ముందే ఎక్కించారు. మూడేళ్ళ వారంటీ, తేడా వస్తే సచివాలయంలో ఇస్తే వారంలో బాగుచెయ్యటమో మార్చటమో అన్నారు. ఆ పథకం మంచిదా చెడ్డదా అన్నది ఇప్పటికే చాలామంది వాదించుకున్నారు, నేనా జోలికి పోను. నేను చూసేది ఒక్కటే. ప్రభుత్వం 2024లో మారింది. అదే ఏడాది బైజూస్ దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. మొదటి విడత వారంటీ 2025 డిసెంబర్ తో తీరిపోయింది. మిగిలింది పిల్ల చేతిలో ఉన్న ట్యాబ్, అందులో ఉన్న పాఠాలు. అది ఆన్ అయినన్నాళ్ళే అవి ఉన్నట్టు.

ఇలా చవగ్గా, పెద్దయెత్తున పిల్లల చేతికి యంత్రం ఇవ్వాలనుకోవటం కొత్తేం కాదు. 2011 అక్టోబర్ 5న కపిల్ సిబల్ విడుదల చేసిన ఆకాశ్ గుర్తుందా? డేటావిండ్ కంపెనీది, బిగించింది మన హైదరాబాదులోనే. 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, 2100 ఎంఏహెచ్ బ్యాటరీ. అప్పుడందరం ధర గురించే మాట్లాడుకున్నాం. బ్యాటరీ నిలవట్లేదని, తెర మొండిగా ఉందని విమర్శలొచ్చాయి. 2012 నవంబర్ లో ఆకాశ్ 2 వచ్చింది, తర్వాత ఆ పేరే మర్చిపోయాం.

ఇంకా వెనక్కెళితే దీనికి వేరే దారి కూడా కనిపిస్తుంది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా జరిగిన సైట్ ప్రయోగం. అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్ తో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్ళకి నేరుగా టీవీ. ఆ టీవీ సెట్లు చేసింది హైదరాబాద్ ఈసీఐఎల్. కోళ్ళగూడుకి వాడే జాలీతో పది అడుగుల యాంటెనా. వాటిని ఊళ్ళో బిగించటమే కాదు, ఏడాదిపాటు పనిచేస్తూ ఉంచటం కూడా ఇస్రో తన బాధ్యతే అనుకుంది. ప్రతి సెట్టుకీ ఊళ్ళో ఒక బాధ్యుడు, చెడిపోతే వచ్చి చూసే మనిషి. అప్పటి సంఖ్య చిన్నదే, నిజమే. తొమ్మిదిన్నర లక్షలతో పోల్చకూడదు. కాని మరమ్మత్తు అనేది పథకంలో భాగమని వాళ్ళు మొదటిరోజే రాసుకున్నారు.

రెండు గంటలయ్యింది. పవర్ బటన్, సౌండ్ తగ్గించే బటన్ రెండూ కలిపి పది సెకన్లు నొక్కి పట్టుకోమన్నాను. పిల్ల మనసులో అంకెలు లెక్కపెడుతోంది. తెర వెలిగింది! పదకొండు శాతం. పాఠాలన్నీ ఉన్నాయి. వాళ్ళ తమ్ముడు లాక్కోబోతే "వంద అయ్యేదాకా ఆగరా" అని కసిరింది.

రేపు ఏ పార్టీ అయినా, ఏ ప్రభుత్వమైనా మళ్ళీ ఏదో ఒకటి పంచుతుంది. అప్పుడు మనం, కనీసం ఈ రంగంలో ఉన్నవాళ్ళం, ఎన్ని ఇచ్చారు, ఎంతకి కొన్నారు అని మాత్రమే కాకుండా ఇంకో రెండు ప్రశ్నలడగాలి. వారంటీ తీరాక బ్యాటరీ ఎవరు మారుస్తారు? ఎలా దాచుకోవాలో ఒక్క కాగితం తెలుగులో ఇచ్చారా? ఈలోగా మీరు ఊరెళ్ళినప్పుడు బీరువాలో పడుకున్న ట్యాబ్ ఉందేమో అడగండి. చీపురు పుల్ల, రెండు గంటల ఓపిక చాలు, చాలావరకు.

తిరిగొచ్చే రోజు చూశాను. గోడ క్యాలెండర్ మీద ప్రతి నెల ఒకటో తారీఖు దగ్గర అన్నయ్య రాసుకున్న "పంపు" పక్కన పిల్ల "ట్యాబ్" అని రాసింది.