ముందు కూల్చిందెవరో అడగండి

పొయ్యి దగ్గరికి జరగండర్రా. ఆ కాయలకి చాకుతో ఒక గాటు పెట్టి మరీ వెయ్యండి, లేకపోతే పేలి మొహాన పడతాయి. ఈ చెస్ట్‌నట్ కాయల్ని జర్మనీలో ఈ ఫాల్ట్స్ సీమ వాళ్ళు కెష్‌డె అంటారు. ఈ చెట్లని రోమన్లు తెచ్చి నాటారని ఇక్కడి పెద్దల మాట. హాంబాఖ్ కోటకి పూర్వం వీటి పేరే ఉండేది. ఆ కోట సంగతి చివర్లో చెబుతాను, అది దానిపాటికది పెద్ద కథ.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో మీ తాతగారు లుడ్విగ్స్‌హాఫెన్‌లో రసాయనాల ఫ్యాక్టరీలో పనిచేసేవారు. ఆదివారం వస్తే ఊళ్ళో ఒక్క కొట్టూ తెరిచి ఉండేది కాదు. పలకరిద్దామంటే నాకు భాష రాదు. అప్పుడు నన్ను బయటికి లాక్కెళ్ళింది పక్కింటి పెద్దావిడ. వీధి వీధంతా ఆవిణ్ణి ఓమా, అంటే బామ్మ, అనేది, నేనూ అలాగే పిలిచేదాన్ని. కొండ మీద కోట కనబడితే చాలు, ఆవిడ కాళ్ళు ఆగేవి కావు. కోట గుమ్మంలో అందరం కట్టించిన రాజెవరని అడుగుతాం కదా. ఓమా మాత్రం ముందు కూల్చిందెవరని అడిగేది. కోట ఎవరికి నీడనిచ్చిందో, ఎవరి కడుపు కొట్టిందో తెలియాలంటే అదే అడగాలనేది. నాకూ అదే అలవాటైంది.

మొదట చూపించింది ట్రిఫెల్స్. అన్‌వైలర్ ఊరికి పైన మూడు కొండలు వరసగా ఉంటాయి, మూడింటి మీదా ఒక్కో కోట. అన్నిటికంటే గొప్పది ట్రిఫెల్స్. జర్మన్ చక్రవర్తుల కిరీటం, కత్తి, రాజదండం 12, 13 శతాబ్దాల్లో చాలా ఏళ్ళు అక్కడే దాచారు. ఇప్పుడక్కడ పెట్టినవి నకళ్ళు, అసలువి వియన్నాలో ఉన్నాయి. మీరు రాబిన్ హుడ్ సినిమాలో చూశారే, ఇంగ్లండు రాజు రిచర్డ్, ఆయన్ని బంధించి ఉంచింది కూడా ఆ కొండ మీదే. సినిమా సంగతి ఎలా ఉన్నా ఇది మాత్రం నిజం. క్రూసేడు యుద్ధం నుంచి తిరిగొస్తూ 1192 డిసెంబరులో వియన్నా దగ్గర ఆస్ట్రియా ప్రభువు చేతికి చిక్కాడు. ఆ ప్రభువు ఆయన్ని చక్రవర్తి ఆరో హెన్రీకి అప్పగించాడు. మరుసటి వసంతంలో కొన్ని వారాలు ట్రిఫెల్స్‌లో ఉంచారు. విడుదలకి కట్టిన ధర 1,50,000 మార్కుల వెండి. ఆ సొమ్ము కోసం ఇంగ్లండులో పన్నులు వేశారు, చర్చిల్లో వెండి పాత్రలు కూడా తీసుకున్నారు. 1194లో రాజు విడుదలయ్యాడు. అదే ఏడు హెన్రీ ఆ డబ్బుతో సైన్యం కూర్చుకుని సిసిలీ మీదికి వెళ్ళి గెలిచాడు.

ఇందులో నాకు రిచర్డ్ కంటే మార్క్‌వార్డ్ ఇష్టం. అన్‌వైలర్ వాడు. పుట్టుకతో స్వతంత్రుడు కాడు, ప్రభువు సొత్తుగా లెక్కకొచ్చే కులంలో పుట్టాడు. చక్రవర్తి కొలువులో పైకొచ్చి, 1195లో స్వేచ్ఛ పొంది, ఇటలీలో రవెన్నాకి ప్రభువై, చివరికి సిసిలీనే తన చేతుల్లోకి తెచ్చుకుని 1202లో అక్కడే పోయాడు. అంత దూరం వెళ్ళిన మనిషిది ఈ కొండ కింది ఊరు.

మరి ట్రిఫెల్స్‌ని కూల్చిందెవరు? మనుషులు కాదు. 1602లో పిడుగు పడి కాలిపోయింది. తర్వాత ఊళ్ళవాళ్ళు రాళ్ళు మోసుకుపోయి ఇళ్ళు కట్టుకున్నారు. ఇప్పుడు మీకు పైన కనిపించే పెద్ద హాలు ఉంది చూశారూ, అది పాతది కాదు. 1938లో హిట్లర్ ప్రభుత్వం మొదలుపెట్టిన కట్టడం. అసలు కోట ఎలా ఉండేదో చూసి కట్టలేదు, తమ ఏలుబడికి పాత చక్రవర్తుల వైభవం అంటగట్టుకోవాలని కట్టారు. ఓమా ఆ హాల్లోకి వచ్చేది కాదు, బయట బావి బురుజు దగ్గర కూర్చునేది. నేనూ ఆవిడ పక్షమే. కూలిన గోడ తన సంగతి తాను చెబుతుంది. అలా లేపిన గోడ, లేపినవాడి కోరికే చెబుతుంది.

అందుకే ఎవరైనా చుట్టాలొస్తే నేను ముందు దాన్ ఊరికి తీసుకెళ్తాను. అక్కడ ఒకే కొండ వరస మీద మూడు కోటలు, ఆల్ట్‌దాన్, గ్రాఫెన్‌దాన్, టాన్‌ష్టైన్. ఈ సీమ రాయి ఎర్ర ఇసుకరాయి, ఉలికి లొంగుతుంది. కాబట్టి సగం కోటని కట్టలేదు, కొండలోనే తొలిచారు. మెట్లు, గదులు, నీటి తొట్లు అన్నీ రాతిలోవే. మీ తాతగారు ఇంజినీరు కళ్ళతో చూసి నాకు రెండు సంగతులు నేర్పారు. బండ గోడ మీద చదరంగా గుంటలు వరసగా కనిపిస్తే, అక్కడ దూలాలు దూర్చారన్న మాట. అంటే ఆ గుంటల ఎత్తున ఒకప్పుడు చెక్క నేల ఉండేది, దాని మీద మనుషులు తిరిగేవాళ్ళు. ఇక గోడ రాళ్ళలో మధ్యన ఒక చిన్న గుంట ఉంటుంది, వేలు పెడితే సరిపోతుంది. రాయిని పైకి లాగేటప్పుడు ఇనప పట్టకారు కొండి దిగిన చోటు అది. ఆ రాయి చెక్కినవాడి పేరు ఏ పుస్తకంలోనూ లేదు, పని గుర్తు మాత్రం ఎనిమిది వందల ఏళ్ళయినా చెక్కుచెదరలేదు. అక్కడ నేను ప్రతిసారీ వేలు పెట్టి చూస్తాను.

వసంతంలో వెళ్తే కొన్ని కొండల మీదికి ఎక్కనివ్వరు. డేగలు గూళ్ళు పెడతాయి. బోర్డు ఉంటే గౌరవించండి.

బెర్వార్ట్‌ష్టైన్ కథ మీ అమ్మకి చిన్నప్పుడు చెబితే రాత్రిళ్ళు నన్ను పట్టుకుని పడుకునేది. 1480లో ఆ కోట హాన్స్ ఫోన్ ట్రోటా అనే వీరుడి చేతికొచ్చింది. పక్కనే వైసెన్‌బుర్గ్ మఠం వాళ్ళతో భూముల తగాదా. ఆయనేం చేశాడంటే, వాళ్ళ ఊరికి పారే లౌటర్ ఏటికి అడ్డుకట్ట వేశాడు. పైన పచ్చిక బయళ్ళు మునిగాయి, కింద ఊళ్ళో నీళ్ళు లేవు. మఠాధిపతి మొత్తుకున్నాక కట్ట ఒక్కసారిగా తెగ్గొట్టించాడు. ఊరి మీద వరద పడింది. పోప్ ఆయన్ని మతం నుంచి వెలివేశాడు. చచ్చి రెండేళ్ళయ్యాక ఆ వెలి ఎత్తేశారు. కానీ జనం ఎత్తెయ్యలేదు. ఇవాళ్టికీ ఇక్కడా, సరిహద్దు అవతల అల్సాస్‌లోనూ హాన్స్ ట్రాప్ అంటే పిల్లల్ని ఎత్తుకుపోయే బూచాడు, క్రిస్మస్‌కి వేషం కట్టుకుని వస్తాడు. నీళ్ళు ఆపినవాణ్ణి ఊళ్ళు అయిదు వందల ఏళ్ళు గుర్తుపెట్టుకున్నాయి. కృష్ణా కాలువ కింద పుట్టినదాన్ని, నాకు ఆ కోపం చెప్పకుండానే అర్థమైంది.

ఇక ఫిరంగులు. లాండ్‌ష్టూల్ ఊరి పైన నాన్‌ష్టైన్ కోట ఫ్రాంజ్ ఫోన్ జికింగెన్‌ది. లూథర్ పక్షం వాళ్ళకి ఆశ్రయమిచ్చినవాడు. 1522లో ట్రియర్ ఆర్చిబిషప్ మీదికి దండెత్తి ఓడిపోయాడు. మరుసటి ఏడు ముగ్గురు ప్రభువులు కలిసి వచ్చి ఆయన కోటని ముట్టడించారు. ఆయన కొత్తగా మందపాటి గోడలు లేపి, ఇక నెలల తరబడి నిలబడతాననుకున్నాడు. ఫిరంగులు కొద్ది రోజుల్లోనే తేల్చేశాయి. గాయపడి 1523 మే 7న ఆ కోటలోనే పోయాడు, గెలిచిన ప్రభువులు మంచం పక్కకి వచ్చి చూశారు. ఆయనకి వాటా ఉన్న పాపానికి డ్రాఖెన్‌ఫెల్స్ కోటని కూడా అదే నెలలో కూలగొట్టారు. ఎంత ఎత్తున ఉన్నా, గోడ ఎంత లావున్నా సరిపోని కాలం వచ్చిందని అందరికీ తెలిసిపోయింది.

రెండేళ్ళు తిరక్కుండా రైతులు లేచారు. 1525 ఏప్రిల్లో మన లాండావ్ పక్కనే నుస్‌డోర్ఫ్ తిరునాళ్ళలో తాగి మాట్లాడుకున్న మాటలు తిరుగుబాటయ్యాయి. మాడెన్‌బుర్గ్ కాలింది, హాంబాఖ్ కోట దోపిడీ అయింది. జూన్‌లో ఫెడర్స్‌హైమ్ దగ్గర ప్రభువుల సైన్యం వాళ్ళని ఊచకోత కోసింది. మాడెన్‌బుర్గ్‌లో నిలబడి కిందికి చూస్తే వాళ్ళ పల్లెలన్నీ, ద్రాక్షతోటలన్నీ కనిపిస్తాయి. శిస్తు గింజ ఎవరి గాదెలోకి పోతోందో వాళ్ళకీ రోజూ కింది నుంచి కనిపించేది.

ఆ తర్వాత 1689. ఫ్రాన్సు పద్నాలుగో లూయీ సైన్యం ఈ సీమని పద్ధతిగా తగలబెట్టింది. శత్రువుకి తిండీ గూడూ దొరకకూడదని. ష్పైయర్, వోర్మ్స్, మాన్‌హైమ్, హైడల్‌బెర్గ్ అన్నీ ఆ ఏడే కాలాయి, కోటలు మందుపాతరకి లేచిపోయాయి. మెలాక్ అనే సేనాని పేరు ఇక్కడి రైతులు తరవాత కుక్కలకి పెట్టుకున్నారు. చేతకానివాళ్ళకి మిగిలిన పగ అదొక్కటే.

హాంబాఖ్ కోట అంతకు ముందే, 1552లోనే కాలి పాడుబడింది. 1832 మే 27న నోయ్‌ష్టాట్ సంత నుంచి జనం ఆ శిథిలం మీదికి నడిచారు, ఇరవై, ముప్పై వేల మంది అని లెక్క. అప్పుడీ సీమ బవేరియా రాజు కింద ఉంది. పత్రికల నోరు నొక్కారు, సుంకాలు పెంచారు, పంటలు పోయాయి. జీబెన్‌ఫైఫర్, విర్ట్ అనే ఇద్దరు పత్రికల వాళ్ళు పిలిచారు. సభలు నిషేధం కాబట్టి పండగ అని పేరు పెట్టారు. ఆడవాళ్ళని కూడా ప్రత్యేకంగా రమ్మన్నారు. పోలండు నుంచి కాందిశీకులు వచ్చారు, ద్రాక్ష రైతులు నల్ల జెండా పట్టుకొచ్చారు. నలుపు, ఎరుపు, బంగారు రంగుల జెండా ఆ రోజు అక్కడ ఎగిరింది, ఇవాళ జర్మనీ దేశపు జెండా రంగులవే. చూడండి, కోట బాగున్నప్పుడు ఆ దోపిడీ నాడు తప్ప ఏ రైతూ పిలవకుండా ఆ గుమ్మం దాటలేదు. అది కూలాకే అందరిదీ అయింది.

ఓమా నాకు చివరగా చూపించింది కోట కాదు. బాడ్ బెర్గ్‌త్సాబెర్న్ వైపు అడవిలో నాచు పట్టిన కాంక్రీటు దిమ్మ, పగిలి పక్కకి ఒరిగి ఉంది. హిట్లర్ సరిహద్దు పొడుగునా కట్టించిన బంకర్లలో ఒకటి. 1939 సెప్టెంబరులో సరిహద్దు పల్లెలన్నీ ఖాళీ చేయించారు, వాటిలో ఓమా పుట్టిల్లూ ఉంది. పెళ్ళీడు పిల్ల, కొట్టంలో ఆవుల్ని విప్పి వదిలేసి ఒక మూటతో బండెక్కింది. దీన్ని కూల్చిందెవరని నేనే అడిగాను. యుద్ధం అయ్యాక ఫ్రెంచి సైన్యం పేల్చేసిందని చెప్పి, మంచి పని చేశారంది.

రేపు మీరు వెళ్ళేది అటువైపే కాబట్టి అక్కడ కాసేపు ఆగండి. కంచె మాత్రం దాటకండి, కాంక్రీటులోంచి ఇనప ఊచలు పొడుచుకొచ్చి ఉంటాయి. ఏ బాటలోంచి తిరగాలో మీ అమ్మకి తెలుసు, ఓమా తననీ తీసుకెళ్ళింది.